పోపు వేయక ముందు

అనువాదం చేసేవారిని ఇబ్బంది పెట్టేవి పెద్ద పెద్ద మాటలని చాలామంది అనుకుంటారు. ఇరవై ఏళ్ళుగా ఆ పని చేస్తున్న నా అనుభవం వేరు. తత్త్వశాస్త్రంలోని పదానికి నిఘంటువు ఏదో ఒక దారి చూపిస్తుంది. ‘ముద్ద’ అన్న మాటకు చూపించదు. నోటికి పట్టినంత అనో, చిన్న ఉండ అనో ఇంగ్లీషులో వ్రాసి ముందుకు సాగిపోవచ్చు. కాని అన్నం కలిపిన చెయ్యి, ఆ చెయ్యి ఎవరి కోసం చాచినదీ ఆ మాటల్లోకి రావు.

ఈ నెల ఈ శీర్షికలో చెప్పదలచినది మా ఇంట్లో ఉన్న అయిదు కిలోల కుక్క భోజనం గురించి. అయినా ముద్ద దగ్గర మొదలుపెట్టక తప్పదు. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

దాని పేరు చిన్ని. తెల్లటి స్పిట్జ్. మన దేశంలో చాలామంది పొమరేనియన్ అని పిలిచేది ఈ జాతినే. 1994లో వచ్చిన హిందీ చిత్రం ‘హమ్ ఆప్‌కే హైఁ కౌన్’లో టఫీ వేషం కట్టిన కుక్కను చూసినవారికి దీని రూపం వర్ణించి చెప్పనక్కరలేదు. నాన్నగారు పోయిన తరువాత అమ్మ తెనాలి నుండి హైదరాబాదు వచ్చి మా దగ్గర ఉంటున్నది. మేమందరం పనుల మీద బయటికి వెళ్ళిపోతే పగలంతా ఇంట్లో మిగిలేది వాళ్ళిద్దరే. అప్పటివరకు చిన్నికి మేము అంగడిలో కొన్న ఎండు గుళికలు పెట్టేవాళ్ళం. అమ్మ వచ్చిన వారానికే వాటిని చేతిలోకి తీసుకొని చూసి, “ఏమే, నోరులేని దానికి ఈ గులకరాళ్ళు పెడుతున్నావా?” అని అడిగింది. ఆ రోజు నుండి చిన్నికి మధ్యాహ్నం పప్పన్నం, రాత్రి పెరుగన్నం మొదలయ్యాయి. అమ్మ ముఖంలో నాన్నగారు పోయాక మొదటిసారి ఒక వెలుగు కనిపించింది. నేను అడ్డు చెప్పలేకపోయాను.

ఒక ఆషాఢమాసపు వాన సాయంత్రం అమ్మ ఉల్లిపాయ పకోడీలు వేసింది. చిన్ని పొయ్యి దగ్గరే కూర్చుని తోక ఆడించింది. అమ్మ చల్లార్చి, ఊది, దానికీ పెట్టింది. మరునాడూ వాన వదలలేదు, పకోడీలూ వదలలేదు. మూడవ రోజు చిన్ని గిన్నె వైపు చూడలేదు. నాలుగవ రోజు మెట్టు ఎక్కలేక నిలబడిపోయింది. చిగుళ్ళు తెల్లగా పాలిపోయాయి, మూత్రం కాఫీ డికాక్షను రంగులో వచ్చింది. పశువైద్యుడు చిగురు మీద వేలుతో ఒకసారి నొక్కి చూసి, రక్తం పరీక్షకు పంపి, మా వైపు తిరిగి, “అమ్మగారూ, ఈ నాలుగు రోజుల్లో ఇది ఉల్లిపాయ ఏమైనా తిన్నదా?” అని అడిగారు.

అమ్మ సమాధానం చెప్పలేదు. నా చెయ్యి పట్టుకున్నది.

ఉల్లి కుక్కకు ఎలా విషమవుతుందో ఆ రోజు ఆయన చెప్పినది ఇది. ఉల్లి, వెల్లుల్లి జాతి దుంపలలో గంధకం కలిసిన పదార్థాలు కొన్ని ఉన్నాయి. మన శరీరం వాటిని తేలికగా తట్టుకుంటుంది. కుక్క రక్తంలోని ఎర్రకణాలు తట్టుకోలేవు. వాటి లోపలి హిమోగ్లోబిన్ దెబ్బతిని, కణాలు చితికిపోతాయి. ఫలితం రక్తహీనత. అది తిన్న వెంటనే బయటపడదు, తరచు కొన్ని రోజులకు గాని తెలియదు. అందుచేతనే తిన్నదానికీ జబ్బుకూ ఉన్న సంబంధం ఇంటివారికి తోచదు. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టి పొడి చేసినా ఆ గుణం పోదు. కుక్క తన బరువులో 0.5 శాతానికి మించి ఉల్లి ఒక్కసారి తింటే ప్రమాదమని పశువైద్య గ్రంథాలు చెబుతున్నాయి. ముప్పై కిలోల కుక్కకు అది 150 గ్రాములు. అయిదు కిలోల చిన్నికి 25 గ్రాములు మాత్రమే, అంటే ఒక చిన్న ఉల్లిపాయలో సగం. నాలుగైదు పకోడీలలో అంత ఉల్లి సులభంగా ఉంటుంది.

చిన్ని రెండు రోజులు ఆసుపత్రిలో సెలైను మీద ఉన్నది. రక్తం ఎక్కించవలసిన అవసరం త్రుటిలో తప్పింది. ఇంటికి వచ్చాక కోలుకోవడానికి మూడు వారాలు పట్టింది.

ఆసుపత్రిలో మాకు ఇంగ్లీషులో అచ్చువేసిన ఒక కాగితం ఇచ్చారు. అమ్మ దానిని తెలుగులో చదివి వినిపించమన్నది. మొదటి వాక్యంలోనే ‘టేబుల్ స్క్రాప్స్’ పెట్టవద్దని ఉన్నది. నేను ఆలోచించకుండా “ఎంగిలి పెట్టకూడదట” అన్నాను. అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నేను దానికి ఎంగిలి ఎప్పుడు పెట్టానే? నేను కంచంలో చెయ్యి పెట్టక ముందే దాని వాటా తీసి పెట్టేదాన్నిగా” అన్నది. ఇరవై ఏళ్ళ వృత్తిలో నేను చేసిన తప్పులలో అది పెద్దది. తన ముద్ద కంటే ముందు తీసిన ముద్దను ఎంగిలి అన్నాను. ఆ రోజు నుండి అమ్మ చిన్నికి ఏమీ పెట్టడం మానేసింది. అది దగ్గరికి వస్తే చేతులు వెనక్కు తీసుకునేది. వంటింట్లో పొయ్యి వెలిగించడం కూడా తగ్గించింది. కుక్క కోలుకున్నది గాని, అమ్మ కోలుకోలేదు.

అప్పుడు నేను ఈ విషయాన్ని శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ, అమ్మ పూర్తిగా పొరపాటు పడలేదని తెలిసింది. కుక్క వేలాది సంవత్సరాలుగా మనిషి పొయ్యి చుట్టూ బ్రతికిన జంతువు. 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఒక విశేషం ప్రకటించారు. పిండిపదార్థాన్ని అరిగించే ఒక జన్యువు తోడేలులో రెండు ప్రతులు మాత్రమే ఉండగా, కుక్కలలో నాలుగు మొదలు ముప్పై వరకు ఉన్నదట. అన్నమూ రొట్టే తినగలిగే శక్తి మన సహవాసంలో వాటికి అబ్బినది. అంగడిలో దొరికే కుక్కల ఆహారానికి ఉన్న చరిత్ర చాలా చిన్నది. లండన్‌లో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ గోధుమపిండి, కూరలు, మాంసం కలిపి కుక్కల బిస్కత్తులు అమ్మడం ఆరంభించినది 1860లలో. అంతకు ముందు ప్రపంచంలోని కుక్కలన్నీ ఇంటి వంట మీదో, వీధి మీదో బ్రతికినవే.

కనుక ఇంటి వంట తప్పు కాదు. మన కోసం వండిన వంట పెట్టడమే తప్పు. మన వంటలో ఉప్పు, కారం, నూనె, పులుపు, ఉల్లి మనకు సరిపడేటట్టు పడతాయి. ముఖ్యంగా తెలుగువారి వంటింట్లో జాగ్రత్తపడవలసినవి మరికొన్ని ఉన్నాయి. ద్రాక్షపళ్ళు, కిస్‌మిస్‌లు కొన్ని కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పాయసంలో, లడ్డులో కిస్‌మిస్ ఉంటుందని మరువరాదు. దీనికి కారణం ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లం కావచ్చునని 2021లో అమెరికాలోని జంతు విషవైద్య నిపుణులు ప్రతిపాదించారు. ఆ ఆమ్లం సమృద్ధిగా ఉన్న చింతపండు తిన్న కుక్కలలో కూడా అటువంటి జబ్బే కనిపించిందని ఆ తరువాత వెల్లడించారు. అందువల్ల పులుసు, చారు, సాంబారు, పులిహోర కుక్క గిన్నెలోకి పోరాదు. చాక్లెట్టు విషం. చక్కెర లేని చూయింగ్ గమ్ములలో, మిఠాయిలలో వాడే జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్క రక్తంలోని చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది, కాలేయాన్ని పాడుచేస్తుంది. ఉడికిన ఎముకలు చీలికలై పేగులలో గుచ్చుకుంటాయి. నేతి వంటలు కడుపునిండా పెడితే క్లోమగ్రంథి వాచి ప్రాణం మీదికి వస్తుంది. పొరపాటున ఇటువంటిది తిన్నదని తెలిస్తే, లక్షణాలు కనబడేవరకు ఆగకుండా వెంటనే వైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి. ఇంట్లో ఉప్పునీళ్ళు పట్టి వాంతి చేయించే ప్రయత్నం మరింత అపాయం.

ఇక రెండవ సంగతి, పరిమాణం. చిన్న కుక్క అంటే పెద్ద కుక్కను కుదించిన బొమ్మ కాదు. బరువు నాలుగు రెట్లు పెరిగితే ఆహారం అవసరం సుమారు 2.8 రెట్లే పెరుగుతుంది. అంటే కిలో బరువుకు లెక్క కడితే చిన్న కుక్కకే ఎక్కువ శక్తి కావాలి. కాని మొత్తం చూస్తే అది చాలా కొద్ది. ఇంట్లో తిరిగే అయిదు కిలోల పెద్ద వయసు కుక్కకు రోజుకు ఇంచుమించు 300 నుండి 375 కేలరీలు చాలు. ఒక మామూలు ఇడ్డెనలో 50 కేలరీలుంటాయి అనుకుందాం. చిన్నికి ఒక ఇడ్డెన పెడితే దాని రోజు భోజనంలో ఏడవ వంతు అయిపోయినట్టే. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి అది అయిదారు ఇడ్డెనలతో సమానం. ఒక టీస్పూను నెయ్యి 45 కేలరీలు. మారీ బిస్కత్తు ఒక్కొక్కటి సుమారు 25. వచ్చినవారు, పోయేవారు తలా ఒక బిస్కత్తు అందిస్తే చాలు, కుక్క లావెక్కుతుంది, సమతులమైన భోజనం తినడానికి కడుపులో చోటు మిగలదు. చిరుతిళ్ళన్నీ కలిపి రోజు మొత్తంలో పదవ వంతు మించరాదన్నది వైద్యులు చెప్పే కొలత.

మూడవది, గిన్నెలో ఏమేమి ఉండాలన్నది. మన ఇళ్ళలో తరతరాలుగా కుక్కకు పెట్టే పెరుగన్నం కడుపుకు హాయి. పాలు పడని కుక్కలు చాలా వాటికి పెరుగు పడుతుంది. కాని దానితోనే సరిపెడితే మాంసకృత్తులు చాలవు. వట్టి మాంసం పెట్టినా తప్పే. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం బహు స్వల్పం. ఆ లోటు తీర్చుకోవడానికి శరీరం తన ఎముకలనే కరిగించుకుంటుంది. పిల్లలలో ఎముకలు మెత్తబడి వంగిపోతాయి.

వైద్యుడు చిన్నికి వ్రాసి ఇచ్చిన ఒక రోజు పట్టిక ఇలా ఉన్నది. ఎముక, చర్మం తీసి ఉడికించిన కోడిమాంసం 90 గ్రాములు. మెత్తగా ఉడికిన అన్నం 100 గ్రాములు. గుమ్మడి, క్యారెట్టు, బీన్సు వంటి ఉడికిన కూరముక్కలు 40 గ్రాములు. ఒక టీస్పూను నూనె. అంతా కలిపి సుమారు 340 కేలరీలు. దీనిని రెండు పూటలుగా పెట్టాలి. మాంసం వండని రోజున దాని బదులు రెండు ఉడికిన కోడిగుడ్లు, కాస్త పెసరపప్పు వేసి, అన్నం, నూనె కొంత తగ్గించాలి. గుడ్డు పచ్చిగా పెట్టరాదు. కాల్షియం కోసం కడిగి, ఆరబెట్టి, మెత్తగా నూరిన గుడ్డుపెంకు పొడి ఒక గ్రాము, అంటే పావు టీస్పూను లోపు. పెంకులో తొంభై శాతానికి పైగా కాల్షియం కార్బొనేటే కనుక అది చాలు.

ఇంత చేసినా పని పూర్తికాదు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిస్ పశువైద్య పరిశోధకులు పుస్తకాలలో, ఇతరత్రా ప్రచురితమైన 200 ఇంటివంట పట్టికలను పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించారు. వాటిలో 190 పట్టికలలో కనీసం ఒక అత్యవసర పోషకమైనా తక్కువ పడింది. పశువైద్యులు వ్రాసిన పట్టికలు కొన్ని కూడా వాటిలో ఉన్నాయి. జింకు, అయొడిను, డి, ఇ విటమినుల వంటివి కంటికి కనిపించవు, రుచికి తెలియవు. ఆ లోటు నెలలు గడిచిన తరువాత వెంట్రుకలలోనో, చర్మంలోనో, ఎముకలోనో బయటపడుతుంది. అందుకోసం చిన్ని గిన్నెలో రోజూ వైద్యుడు సూచించిన విటమిను, ఖనిజ లవణాల పొడి కొలిచి కలుపుతాము. పైన వ్రాసిన పట్టిక కూడా చిన్ని బరువుకు, వయసుకు, ఆరోగ్యానికి ఏర్పరచినది. పాఠకులు దానిని యథాతథంగా అనుసరించక, తమ కుక్కను చూసిన వైద్యునితో సంప్రదించి మార్చుకోవాలి. పాలు మరచిన పిల్లలకు, చూలుతో ఉన్నవాటికి, మూత్రపిండాల జబ్బు ఉన్నవాటికి లెక్కలన్నీ వేరు. మరీ చిన్న జాతుల పిల్లలు పూట తప్పితే రక్తంలో చక్కెర పడిపోయి సొమ్మసిల్లుతాయి. వాటికి రోజుకు మూడు నాలుగు పూటలు పెట్టాలి.

ఆహారం మార్చేటప్పుడు ఒక్కసారిగా మార్చరాదు. పాతదానిలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ ఏడు నుండి పది రోజులు తీసుకోవాలి. ఆదివారం ఒక కిలో మాంసం ఉడికించి, రోజువారీ పొట్లాలు కట్టి, మంచుపెట్టెలో గడ్డకట్టే అరలో దాచుకోవచ్చు. బయట అరలో అయితే మూడు రోజులకు మించి ఉంచరాదు. పదిహేను రోజులకొకసారి కుక్క బరువు చూసి వ్రాసుకోవాలి. అయిదు కిలోల కుక్క అరకిలో పెరగడం అంటే యాభై కిలోల మనిషి అయిదు కిలోలు పెరగడమే. చేతితో తడిమితే ప్రక్కటెముకలు తెలియాలి, కంటికి మాత్రం పొడుచుకొని కనబడరాదు.

ఇవన్నీ నేర్చుకొని, ఒక చిన్న త్రాసు కొని తెచ్చి, అమ్మను వంటింట్లోకి పిలిచాను. ఆ కాగితాన్ని మళ్ళీ అనువాదం చేశానని చెప్పాను. “ఎంగిలి అన్న మాట అందులో లేదమ్మా. తప్పు నాది. మన కోసం వండినది పెట్టవద్దని వ్రాశారు, అంతే. దాని కోసం వండినది పెట్టమనే అన్నారు.”

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత పొయ్యి వైపు చూస్తూ అడిగింది. “అయితే పోపు వేయక ముందు తీసి పెడితే?”

ఇంగ్లీషు కాగితంలో రెండు పేజీలున్న విషయం ఆ ఒక్క మాటలో వచ్చింది. పోపు వేయక ముందు అంటే నూనె లేదు, కారం లేదు, ఉల్లి లేదు. ఉప్పు, చింతపండు కూడా అంతకు ముందే పడకూడదని ఒక్క షరతు చేర్చాను. కూరముక్కలు ఉడికాక దాని వంతు గిన్నెలోకి, ఆ తరువాతే మన వంట. “నైవేద్యానికి తీసినట్టే గదే” అన్నది అమ్మ.

గ్రాముల లెక్క మాత్రం ఆమెకు నచ్చలేదు. ప్రతి పూటా త్రాసులో తూచి పెట్టడం పెట్టుడు కాదన్నది. అయితే నీ చేతి ముద్ద తూచి చూద్దామన్నాను. అన్నం కలిపి ఒక ముద్ద చేసి త్రాసు మీద పెట్టింది. 48 గ్రాములు. రెండవది 52. మూడవది మళ్ళీ 48. నేను ఆశ్చర్యపోతుంటే అమ్మ నవ్వింది. ఆ వాన తరువాత ఆమె నవ్వడం అదే మొదలు. “ముగ్గురు పిల్లలకు ఒకే గిన్నెలోంచి కలిపి పెట్టాను. ఎవరికీ ఎక్కువ తక్కువ కాకూడదు గదా” అన్నది. చిన్నికి రోజుకు 100 గ్రాముల అన్నం. పొద్దున ఒక ముద్ద, రాత్రి ఒక ముద్ద. తగిన అనువాదం దొరికింది.

ఇప్పుడు మాంసం నేను ఉడికిస్తాను, అమ్మ ఆ గిన్నె ముట్టదు. గుడ్డుపెంకు పొడి, మందుపొడి కొలవడం నా కొడుకు పని. కూరముక్కలు, అన్నం, పెట్టడం అమ్మవి. వాన కురిసిన సాయంత్రాలలో ఇప్పటికీ పకోడీలు వేస్తుంది. చిన్ని ఇప్పటికీ పొయ్యి దగ్గర కూర్చుని తోక ఆడిస్తుంది. అమ్మ దాని తల నిమిరి, విడిగా ఉడికించి ఉంచిన క్యారెట్టు ముక్క ఒకటి ఊది చల్లార్చి అందిస్తుంది. చల్లార్చవలసినంత వేడి అందులో ఉండదు. అయినా ఊదుతుంది.